పళ్ళపొడిలో బోళం: పేటెంట్ ఉందో లేదో వెతకడం ఎలా?

నమస్తే అండి, పాలకొల్లు నుంచి. బయట వాన, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, గబగబా కానిచ్చేద్దాం. మా మావయ్య బోళం, మహిసాక్షి అనే చెట్ల బంకల్ని కల్వంలో నూరి, వస్త్రగాళితం పట్టి, అంటే గుడ్డలో జల్లించి, పళ్ళపొడి చేస్తాడు. "దీనికి పేటెంట్ వస్తుందేమో చూడరా" అన్నాడు. అలా వెతుకుతూ నేర్చుకున్నదే ఈ వీడియో.

గూగుల్ పేటెంట్స్ తెరిచాం. ఇదిగో సెర్చ్ బాక్స్. ఇంతవరకూ తెలిసిందే.

ఇక్కడ ఆగండి. నేను బోల్తాపడింది ఇక్కడే. చెట్టు బంకని ఇంగ్లీషులో రెసిన్ అంటారు కదా అని "డెంటల్ రెసిన్" కొట్టాను. చూడండి, ఎన్ని వచ్చాయో! రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. ఒక్క దాంట్లోనూ చెట్టు లేదు. అన్నీ మెథాక్రిలేట్లు అనే రసాయనాలే! ఎందుకంటే పళ్ళ డాక్టర్ల భాషలో రెసిన్ అంటే పంటి గుంటలో నింపే ప్లాస్టిక్ లాంటి పదార్థం. 1962లో బోవెన్ అనే పరిశోధకుడికి అమెరికాలో పేటెంట్ వచ్చిన బిస్-జీఎంఏ, ఆ బాపతు అన్నమాట. మన బోళం ఆ గుంపులో ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి రెసిన్ మాట తీసేయండి. తీసేశారా? మొక్క శాస్త్రీయ నామం కొట్టండి. బోళమైనా మహిసాక్షి అయినా కామిఫొరానే. అందుగు బంకకి బోస్వెల్లియా. ఊరికే సాంబ్రాణి అనుకుంటే కుదరదు, మూలికల కొట్లో ఆ పేరుతో ఏది పొట్లం కట్టిస్తారో చెప్పలేం. ఇప్పుడు పక్కనే ఈ పేటెంట్ల వర్గీకరణ కోడ్, ఏ61క్యూ 11/00. పళ్ళు, నోటి సంరక్షణ అంతా దీని కింద. మందుల వైపు కామిఫొరాకి ఏ61కె 36/328. స్క్రీన్ మీద ఉన్నట్టే కొట్టండి. చూశారా, జాబితా ఎంత చిక్కిపోయిందో.

ఒక్కోటీ మౌస్ చక్రంతో నొక్కితే వేరే ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, నాకు అదే అలవాటు. తర్వాత కంట్రోల్ ఎఫ్. పేరు వివరణలో దొరికితే మురిసిపోకండి, అక్కడ చాంతాడంత మొక్కల జాబితా ఉంటుంది. క్లెయిమ్స్‌లో, అంటే హక్కు కోరే భాగంలో, ఉందా? అదే లెక్క. నంబరు చివర ఏ ఉంటే సాధారణంగా అది దరఖాస్తే, బీ ఉంటే మంజూరైంది.

మన దేశపు పేటెంట్లయితే ఇన్‌పాస్‌లో, అంటే మన పేటెంట్ ఆఫీసు వాళ్ళ సెర్చ్ సైట్‌లో వెతకాలి. క్యాప్చా విసిగిస్తుంది, ఓపిక పట్టండి.

మరి మావయ్య పొడి సంగతి? 1970 పేటెంట్ల చట్టం, సెక్షన్ 3(పి): సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదు. 3(ఇ): ఊరికే కలిపి, దేని గుణం దానికే ఉంటే అదీ కాదు. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంట్‌ని కూడా మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది.

అయితే ఒకటుంది. ఈ చెమ్మకి బోళం మెత్తబడి కల్వానికి అంటుకుపోతుంది కదా, అలా అంటుకోకుండా మావయ్య ముందు ఒక పని చేస్తాడు. ఆ పద్ధతి కొత్తదైతే దాని మీద వెతకాలి. అదేంటో మాత్రం అడక్కండి. దరఖాస్తు పెట్టకముందే వీడియోలో చెప్పేస్తే కొత్తదనం పోయినట్టే. కొట్టేస్తాడు నన్ను.