జాబ్ షీటు మీద మన మాట పడాలి

(జాతీయ వినియోగదారుల దినం సందర్భంగా హనుమకొండలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఒక ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పరకాల నుంచి, నర్సంపేట నుంచి, భూపాలపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది డిసెంబర్ 24న. అందుకే ఏటా ఈ రోజు సభలు పెడతాం. చట్టం సంగతి తర్వాత చెబుతాను. నేను పాఠం చెప్పేది ఎలక్ట్రానిక్స్ కాబట్టి ముందు వస్తువును విప్పి చూద్దాం.

ల్యాప్‌టాప్ మూత తెరిచి మూసే చోట హింజ్ ఉంటుంది. అది గట్టి లోహపు ముక్క. దాన్ని కింది బాడీకి చిన్న చిన్న స్క్రూలతో బిగిస్తారు. చాలా మోడళ్లలో ఆ స్క్రూలు దిగేది గోరంత కూడా లేని ఇత్తడి నట్లలోకి. ఆ నట్లను వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించుతారు. మూత మనం వదిలిన చోటే నిలబడాలంటే హింజ్ బిగువుగా ఉండాలి. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బిగువు అంతా వచ్చి పడేది ఆ ప్లాస్టిక్ మీదే. ప్లాస్టిక్ పలచగా ఉంటే కొన్నాళ్లకు సన్నటి పగులు మొదలవుతుంది. బయటికి ఏమీ కనపడదు. ఒకరోజు మూత తీస్తుంటే టప్‌మని చప్పుడొస్తుంది, వెనక మూల పైకి లేస్తుంది. విప్పి చూస్తే ఇత్తడి నట్టు ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడొచ్చి స్క్రూకే అంటుకుని ఉంటుంది.

మా అన్న బిడ్డ ఇంజినీరింగ్ చదువుతోంది. వాళ్ల నాన్న పత్తి అమ్మిన పైసలతో కొనిచ్చిన ల్యాప్‌టాప్ అలాగే విరిగింది. వారంటీ ఇంకా ఉంది. కంపెనీ చిన్నదేం కాదు, మీలో చాలామంది బ్యాగుల్లో ఆ పేరే ఉంటుంది. ఆమెతో పాటు నేనూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మూత ఎత్తి చూసి, "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీలో రాదు" అన్నాడు. "కింద పడలేదు తమ్మీ, ఎక్కడన్నా సొట్ట ఉందేమో నువ్వే చూడు" అన్నాను. "నాకూ తెలుస్తుంది సార్. కానీ పగిలితే డ్యామేజ్ అనే రాయాలె. మాకు అట్లనే చెప్పిన్రు" అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాలేదు. ఆ రూలు పెట్టిన వాళ్ల మీద వచ్చింది. పలచటి ప్లాస్టిక్ మీద బలమైన హింజ్ పెట్టింది వాళ్లు. అది విరిగితే డబ్బు కట్టాల్సింది మాత్రం ఆడపిల్ల చదువుకని పత్తి పైసలు పెట్టిన రైతు. ఇది అన్యాయం. నా దృష్టిలో ఇంతకంటే మెత్తటి మాట దీనికి సరిపోదు.

అప్పుడు ఆ అబ్బాయి సంతకం పెట్టమని జాబ్ షీటు, అంటే రిపేరుకు వచ్చిన వస్తువు గురించి సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే కాగితం, చేతికిచ్చాడు. కస్టమర్ ఫిర్యాదు అనే గడిలో "హింజ్ బ్రోకెన్" అని రెండే రెండు మాటలు. ఎప్పుడు విరిగింది, ఎలా విరిగింది, దెబ్బ తగిలిందా లేదా, ఒక్క ముక్క లేదు. ఆ కాగితం చదివిన ఎవరైనా ఆ అమ్మాయే విరగ్గొట్టిందనుకుంటారు. "మూత తీస్తుండగా విడిపోయింది, కింద పడలేదు, బయట సొట్ట గానీ గీత గానీ లేదు" అని రాయమని అడిగాను. మేనేజర్‌ను పిలిచారు. అలా రాసే పద్ధతి లేదన్నారు. ఫిర్యాదు నాదైతే మాట కూడా నాదే ఉండాలి, మీ అభిప్రాయం కింద వేరే రాసుకోండి అన్నాను. చివరికి రాశారు.

కంపెనీ మొదట ఒప్పుకోలేదు. ఆ జాబ్ షీటు ఫొటో, ఊడొచ్చిన నట్టు ఫొటో జతచేసి, ఇక వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని మెయిల్ పెట్టాక కింది బాడీ మొత్తం ఉచితంగా మార్చారు. సంతోషించాల్సిందే. కానీ మార్చిన బాడీ కూడా అదే డిజైన్. అందుకే ఈ విషయం మా ఇంటితో తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

పెద్ద కంపెనీలు తప్పు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. ఎలా ఒప్పుకున్నాయో చూడండి. మైక్రోసాఫ్ట్ 2005లో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోల్ తెచ్చింది. ఆడుతూ ఆడుతూ ఉండగా ముందువైపు బటన్ చుట్టూ ఎర్ర లైట్లు వెలిగేవి, అంతే, మిషన్ పోయినట్టే. ఆన్ చేస్తే వేడెక్కి, ఆపితే చల్లబడి, ఆ సాగుడూ కుంచించుకుపోవడమూ తట్టుకోలేక లోపలి చిప్ కనెక్షన్లు చిట్లేవి. ఫిర్యాదులు కుప్పలు పడ్డాయి. 2007 జులైలో ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచుతున్నామని కంపెనీ ప్రకటించింది. అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో గాలి ఆడని చోట పెట్టిన ఏ పెట్టెలోనైనా ఈ వేడి బాధ ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఆపిల్ సంగతీ అంతే. 2015లో మ్యాక్‌బుక్‌లో బటర్‌ఫ్లై కీబోర్డు అని పలచటిది పెట్టింది. చిన్న నలుసు దూరినా ఒక అక్షరం రెండుసార్లు పడేది, లేదా అసలు పడేది కాదు. లక్ష రూపాయల వస్తువు, అక్షరం కొట్టలేని పరిస్థితి! మూడేళ్లపాటు వాడకందార్లు మొత్తుకున్నారు, అమెరికాలో కోర్టుకెళ్లారు. 2018 జూన్‌లో, కొన్న తేదీ నుంచి నాలుగేళ్ల దాకా ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ చెప్పింది. 2019 చివర్లో పాత తరహా కీబోర్డుకే తిరిగొచ్చింది. 2022లో కోర్టు కేసు పరిష్కారానికి 5 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకుంది.

ఒక్క మనిషి ఫిర్యాదుకు ఈ కంపెనీలు కదల్లేదు. ఒకే లోపం గురించి వేలమంది ఫిర్యాదులు రాతపూర్వకంగా పోగుపడ్డాకే కదిలాయి. మన దగ్గర ఆ పోగు ఎందుకు పడటం లేదంటే, మన ఫిర్యాదులు నోటిమాటగానే మిగిలిపోతున్నాయి. భూపాలపల్లి నుంచి ఒకాయన ఒక పనిదినం పోగొట్టుకుని హనుమకొండ చౌరస్తాకు వస్తాడు. కౌంటర్‌లో అరుస్తాడు, మాట్లాడి మాట్లాడి అలసిపోయి అడిగినంత కట్టి వెళ్లిపోతాడు. ఆయన ఆవేశం ఏ రికార్డులోనూ లేదు. రికార్డులో ఉన్నది "కస్టమర్ డ్యామేజ్, పెయిడ్ రిపేర్" అన్న మాటే. కంపెనీ లెక్కలో ఆయన వస్తువును పాడుచేసిన మనిషి. అదే లోపంతో రేపు జనగామ నుంచి వచ్చేవాడిదీ అదే గతి.

ఇంకో బాధ ఏంటంటే, మనవాళ్లు నింద తమ మీదే వేసుకుంటారు. "మా ఇంట్ల కరెంటు మంచిగ ఉండది సార్" అని వాళ్లే ముందుగా అంటారు. ఒక్కసారి మీ ల్యాప్‌టాప్ అడాప్టర్ తిప్పి చూడండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ముద్రించి ఉంటుంది. మన ఇంటి కరెంటు 230. కాస్త హెచ్చుతగ్గులను తట్టుకునేలా చేయాల్సిన బాధ్యత తయారుచేసిన వాళ్లదే. పిడుగు పడి పోయిందంటే వేరే సంగతి, దానికి కంపెనీని అనలేం. కానీ ఊరికే "వోల్టేజ్ సార్" అంటే ఒప్పుకోకండి. ఏ భాగం కాలింది, చూపించండి, కాగితం మీద రాయండి అని అడగండి.

ఫోన్ల దగ్గరికొస్తే "నీళ్లు పోయినయ్" అంటారు. ఫోన్ లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రబడితే అక్కడికి తడి చేరిందని అర్థం. స్క్రీన్ మీద గీత రావడానికి ఆ తడే కారణమని మాత్రం ఆ స్టిక్కర్ చెప్పలేదు. సిమ్ ట్రే దగ్గర తడి తగిలితే డిస్‌ప్లే పోయిందని ఎలా అంటారు? తుప్పు ఎక్కడ పట్టిందో ఫొటో తీసి ఇవ్వమనండి. నిజంగా నీళ్లలో పడేసిన వాళ్లు ఆ మాట దాచొద్దు. అబద్ధం చెప్పి తెచ్చుకునే రిపేరు నిజాయితీగా అడిగేవాడి నోరు నొక్కేస్తుంది.

ఇప్పుడు చట్టం. 1986 చట్టం స్థానంలో తెచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మనలాంటి జిల్లాల వాళ్లకు పనికొచ్చే పెద్ద మార్పు ఒకటుంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే, లేదా మీరు పనిచేసే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లోపం పరీక్షించి తేల్చాల్సిందైతే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. లోపం రుజువైతే బాగుచేయమనొచ్చు, కొత్తది ఇమ్మనొచ్చు, డబ్బు వాపసు ఇప్పించొచ్చు, నష్టపరిహారమూ కట్టించొచ్చు. అంతదూరం పోవడానికి ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వలేరు, కానీ మీ ఫిర్యాదును నమోదు చేసి కంపెనీకి పంపుతారు. మీ మాట ఒక నంబరుతో రికార్డులోకి ఎక్కుతుంది.

బిల్లు గురించి ఒక మాట. "బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తా" అంటే పొంగిపోకండి. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోనని మొండికేయడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి భయపడి వెనక్కి వచ్చేయాల్సిన పని లేదు. దుకాణదారులు కూడా ఇక్కడ ఉన్నారు, వాళ్ల మీద నాకు ద్వేషం లేదు. కంపెనీ చేసిన లోపానికి ఊళ్లో మాట పడేది వాళ్లే. కస్టమర్‌తో కలిసి వాళ్లూ కంపెనీకి రాస్తే ఆ రాతకు ఇంకా బరువుంటుంది.

విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. మీ హాస్టల్‌లో, మీ వాడలో ఒకే మోడల్ వస్తువు ఒకేలా పాడైన వాళ్లు ఎవరెవరున్నారో కనుక్కోండి. జాబ్ షీట్లు ఒకచోట చేర్చండి. ఒకే సమస్య ఉన్న చాలామంది తరఫున, కమిషన్ అనుమతితో, ఒకరో ఇద్దరో ఫిర్యాదు వేసే వీలు చట్టంలోనే ఉంది. నట్టు ఊడిన హింజ్ ఒకటైతే "మీరు సరిగా వాడలేదు" అనొచ్చు. ఒకే హాస్టల్‌లో అదే మోడల్‌కు, అదే మూలలో పది విరిగితే ఏమంటారు?

ఇప్పుడే ఒక చీటీ అందింది. "సార్, నేను ఆన్‌లైన్‌లో కొన్న. కంపెనీ వాళ్లు యాప్‌ను అడగమంటున్నరు, యాప్ వాళ్లు కంపెనీని అడగమంటున్నరు. ఎవరిని పట్టుకోవాలె?" అని ఉంది. ఇద్దరినీ పట్టుకో తమ్ముడూ. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరు, ఫోన్ నంబరు వాళ్ల సైట్‌లో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో మొరపెట్టుకోవడం ఆపి ఆ అధికారికి మెయిల్ పెట్టు, అదే మెయిల్‌ను కంపెనీకీ పంపు. బిల్లు, ఫొటో, జాబ్ షీటు జతచెయ్యి. రాయడం కుదరకపోతే సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, ఫోన్ పట్టుకుని రా, కూర్చుని రాద్దాం.