కొనుక్కునే పింఛను

శ్రోతలకు నమస్కారం.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు అన్నారు. ప్రభుత్వోద్యోగం చేసి నెల నెలా పింఛను అందుకునేవారికి ఈ సామెత అంతగా గుచ్చుకోదు. కానీ బట్టల కొట్టు నడిపినవారు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినవారు, జీవితమంతా లారీ మీద గడిపి చివరికి ఆ లారీని అమ్ముకున్నవారు, పట్నంలో ఉన్న పిల్లల దగ్గరకు వచ్చేస్తూ ఊళ్ళో రెండెకరాలు అమ్మినవారు, వీరందరికీ అరవై దాటేసరికి చేతిలో ఒక మొత్తం ఉంటుంది గాని, దాని నుంచి నెల నెలా ఎంత తీసి వాడుకోవచ్చో తెలియదు. ఎక్కువ తీస్తే ఎనభై ఏళ్ళనాటికి ఏమీ మిగలదేమోనని భయం; ఆ భయంతోనే మందులకు కూడా వెనుకాడుతూ, ఉన్న డబ్బును ముట్టుకోకుండా బతికేవారిని నేను చాలామందిని చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాడిగా, అలా సొంతంగా కూడబెట్టిన సొమ్ముతో జీవితాంతం వచ్చే పింఛనును కొనుక్కోవడం గురించి, అంటే బీమా కంపెనీలు యాన్యుటీ అనే పేరుతో అమ్మే ఒప్పందం గురించి, ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

యాన్యుటీ అన్న మాట కొత్తగా వినిపించినా, ఆ ఏర్పాటుకు మన భాషలో వర్షాశనం అనే చక్కని పేరు ఎప్పటినుంచో ఉంది. పండితులకు, విద్వాంసులకు ఏటేటా ఇచ్చే భృతిని వర్షాశనం అనేవారు. సంవత్సరానికి సరిపడే తిండి అని దాని అర్థం. ఆ వర్షాశనం ఇచ్చేవారి ఆదరణ మీద ఆధారపడి ఉండేది. మనం డబ్బు కట్టి కొనుక్కునే వర్షాశనం మాత్రం ఆయుర్దాయం లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ లెక్కకు పునాది వేసినవారిలో ఒకరు, తోకచుక్కకు తన పేరు వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ. ఇప్పుడు పోలండులో ఉన్న బ్రెస్లా నగరపు జనన మరణాల వివరాలు తీసుకుని, ఏ వయసువారిలో ఎందరు మరుసటి ఏటికి మిగులుతారో ఆయన 1693లో పట్టిక వేశారు. ఆ పట్టికను బట్టి, కొనేవారి వయసు పెరిగేకొద్దీ యాన్యుటీ ధర ఎంత తగ్గాలో చూపించారు. ఈనాటి బీమా కంపెనీలు చేసే పని కూడా మూలంలో అదే.

లెక్క సులువుగా ఉండటం కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. అరవై ఏళ్ళ వ్యక్తి 10 లక్షల రూపాయలు కడితే, జీవితాంతం ఏటా 80 వేలు వస్తాయనీ, మరణం తరువాత ఎవరికీ ఏమీ రాదనీ అనుకోండి. ఈ 80 వేలను 8 శాతం వడ్డీ అని చాలామంది పొరబడతారు. అందులో కొంత వడ్డీ, కొంత మనం కట్టిన అసలే విడతలుగా తిరిగి రావడం, మిగిలినది మనతోపాటు పింఛను కొని మనకంటే ముందు వెళ్ళిపోయినవారి సొమ్ములోంచి వచ్చే వాటా. ఆయన తొంభై అయిదేళ్ళు బతికినా కంపెనీ ఇస్తూనే ఉండాలి. అరవై రెండేళ్ళకే పోతే మిగిలినది ఇతరుల పింఛనుకు పోతుంది. అంటే మనం కొంటున్నది రాబడి కన్నా ముఖ్యంగా, ఎక్కువకాలం బతికితే ఎలాగన్న భయం నుంచి రక్షణ. అందుకే దీనిని ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదని నా అభిప్రాయం.

అయితే ఈ ఒప్పందంలో ఎన్నో రకాలు ఉన్నాయి. ఎల్‌ఐసీ వారి జీవన్ అక్షయ్‌నే తీసుకుంటే పది రకాలు కనిపిస్తాయి. ఒక్కరికే జీవితాంతం వచ్చేది. కనీసం 5, 10, 15 లేదా 20 ఏళ్ళు తప్పకుండా వచ్చేది. మరణానంతరం, కట్టిన అసలు సొమ్ము నామినీకి తిరిగి వచ్చేది. ఏటా మొదటి పింఛనులో 3 శాతం చొప్పున పెరిగేది. భార్యాభర్తలలో ఒకరి తరువాత మరొకరికి సగమో, పూర్తిగానో కొనసాగేది, ఇలా ఉంటాయి. వీటిలో ఏది ఎంచుకున్నారో తెలిపే గడి, పాలసీ కోసం నింపి ఇచ్చే ప్రపోజల్ ఫారంలో ఒక్కటే ఉంటుంది. ఆ గడి దగ్గర మీరు ఆగాలి. ఎందుకో చెబుతాను.

మా వీధిలో ఒక పెద్దాయన బట్టల కొట్టు అమ్మగా వచ్చిన సొమ్ములో 20 లక్షలు పెట్టి ఇలాంటి పింఛను కొన్నారు. అన్నిటికంటే ఎక్కువ పింఛను ఇందులోనే వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఆ మాట నిజమే. నెలకు 14 వేలు సక్రమంగా వచ్చేవి. నాలుగేళ్ళ తరువాత ఆయన గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయిన మరునాడు ఆయన భార్య పాలసీ బాండును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కాగితం నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. నామినీ అన్న చోట తన పేరు మీద వేలు పెట్టి, “ఇక్కడ నా పేరే ఉంది కదండీ అన్నయ్యగారూ, ఇక మీదట నా ఖాతాలో వేస్తారా?” అని అడిగారు. నేను పేజీ తిప్పాను. ఒకే జీవితానికి, అసలు తిరిగి రాని పద్ధతి అని ఒక్క వాక్యం ఇంగ్లీషులో ఉంది. నామినీగా ఆమె పేరు ఉన్న మాట నిజమే, కానీ నామినీకి చెందవలసినది అక్కడ ఏమీ లేదు. కట్టిన 20 లక్షలలో ఆ ఇంటికి తిరిగి వచ్చినది 6 లక్షల 72 వేలు. కంపెనీ ఒప్పందం తప్పలేదు. ఎక్కువ పింఛనుకు ధర ఏమిటో ఆ వాక్యంలోనే ఉంది. కాకపోతే ఆ వాక్యాన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించినవారు లేరు. ఇద్దరికీ కొనసాగే రకం తీసుకుని ఉంటే నెలకు వచ్చేది కొంత తగ్గేది, అంతే.

మన ఇళ్ళలో భార్య వయసు సాధారణంగా భర్త కంటే తక్కువ. భర్త తరువాత పది, పదిహేనేళ్ళు ఒంటరిగా గడపవలసి వచ్చే స్త్రీలు ఎందరో. భార్యకు సొంత రాబడి లేని ఇంట్లో, ఇద్దరిలో ఎవరు మిగిలినా పూర్తి పింఛను కొనసాగే రకాన్ని తప్ప మరొకదాన్ని ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

అసలు తిరిగి వచ్చే రకం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. పిల్లలకు ఏదో ఒకటి మిగల్చాలన్న తపనతో మనవారు ఎక్కువగా దీనివైపే మొగ్గుతారు. దీనిలో పింఛను బాగా తగ్గుతుంది. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరుగుతాయనుకుంటే, పాతికేళ్ళ తరువాత పిల్లల చేతికి వచ్చే 10 లక్షలు ఈనాటి 2 లక్షల 33 వేలతో సమానం. స్థిరపడిన పిల్లలకు ఆ మాత్రం మిగల్చడం కోసం తల్లిదండ్రులు పాతికేళ్ళపాటు తక్కువ పింఛనుతో సర్దుకోవాలా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. పిల్లలే ముందుగా “మాకేమీ మిగల్చనక్కరలేదు నాన్నా” అంటే ఎంత బాగుంటుందో!

అదే పెరిగే ధరలు పింఛనును కూడా తినేస్తాయి. అదే 6 శాతం లెక్కన ఈనాటి 10 వేల పింఛను పన్నెండేళ్ళకు 5 వేలంత అవుతుంది. ఏటా 3 శాతం పెరిగే రకంలో ఇరవై ఏళ్ళకు 10 వేలు 16 వేలు అవుతాయి గాని, ఆ పెరుగుదల కోసం మొదట్లో తక్కువతో సరిపెట్టుకోవాలి. కాబట్టి ఉన్నదంతా యాన్యుటీలో పెట్టడం ప్రమాదం. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, ఇలా ఏ నెలా తప్పించలేని ఖర్చులను ఒక కాగితం మీద కూడి, ఆ మొత్తానికి సరిపడేంత మటుకే జీవితాంతపు పింఛనుగా మార్చుకోవాలి. ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు, ఇంటి మరమ్మతుకు కావలసినది వెంటనే తీసుకోగలిగే చోట ఉండాలి.

మరి అరవై రాగానే కొనాలా? నాకైతే తొందర అక్కరలేదనిపిస్తుంది. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల వరకు దాచుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతానికి చేరింది. ఆ రేటున 30 లక్షలకు మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు వస్తాయి, అసలు చెక్కుచెదరదు. అయితే దాని గడువు అయిదేళ్ళే. పొడిగించేనాటికి వడ్డీ ఎంత ఉంటే అంతే. 2025లో రిజర్వు బ్యాంకు, తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీని, అంటే రెపో రేటును, 6.5 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించినప్పుడు, డిపాజిట్ వడ్డీ మీద బతికేవారికి ఆ కోత ఎలా తగులుతుందో తెలిసింది. యాన్యుటీకి ఆ బాధ లేదు. కొన్ననాటి రేటు చివరిదాకా మారదు. అందుకని మొదటి అయిదు, పదేళ్ళు ఆ పొదుపు పథకం మీద గడిపి, అరవై ఆరు, డెబ్బై ప్రాంతాల్లో రెండు మూడు విడతలుగా యాన్యుటీ కొనడం మేలని నేను అనుకుంటాను. వయసు పెరిగేకొద్దీ అదే సొమ్ముకు ఎక్కువ పింఛను వస్తుంది, రేట్లు బాగా లేని ఏడాది అంతా ఒకేసారి ఇరుక్కుపోవడమూ ఉండదు.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. యాన్యుటీగా వచ్చే సొమ్ములో మన అసలు కలిసి ఉన్నా, మొత్తాన్నీ ఆదాయంగానే లెక్కిస్తారు. కొత్త పన్ను విధానంలో 2025–26 నుంచి మామూలు ఆదాయం 12 లక్షలలోపు ఉన్నవారికి పన్ను పడదు కాబట్టి, మధ్యతరగతి ఇళ్ళకు దీనితో పెద్ద చిక్కు లేదు.

భద్రత సంగతి తప్పకుండా అడగాలి. ఎల్‌ఐసీ పాలసీలకు 1956 నాటి చట్టంలోనే కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. ప్రైవేటు కంపెనీలకు ఆ హామీ లేదు గాని, హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ వాటిపై నిఘా ఉంచుతుంది. ఆ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ నుంచి సరళ్ పెన్షన్ అనే ఒకే తీరు పాలసీని జీవిత బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. దానిలో రెండే రకాలు, రెండింటిలోనూ అసలు తిరిగి వస్తుంది. పెద్ద జబ్బు చేస్తే ఆరు నెలల తరువాత పాలసీని వెనక్కి ఇచ్చి 95 శాతం తీసుకోవచ్చు. అసలు తిరిగి రాని రకాల్లో మాత్రం సాధారణంగా వెనక్కి వచ్చే దారి ఉండదు. ఒక్క ఊరట ఏమిటంటే, బాండు చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా నచ్చలేదని తిప్పి పంపవచ్చు. ఆ 30 రోజుల్లో దాన్ని బీరువాలో పెట్టకండి, తెలిసినవారి చేత చదివించుకోండి. డబ్బును ఏజెంటు చేతికి నగదుగా ఇవ్వకుండా, కంపెనీ పేరు మీద చెక్కుగానో బ్యాంకు బదిలీగానో కట్టండి. 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని చట్టమే నిషేధించింది. ఫిర్యాదును కంపెనీ 30 రోజుల్లో పరిష్కరించకపోతే పాలసీదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి, అంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటివారికీ అదే కార్యాలయం, రుసుము లేదు.

ఇటీవల లారీ యజమానిగా పనిచేసి విరమించిన ఒకాయన భార్యతో కలిసి మా ఇంటికి వచ్చి, ఇంకా నింపని ప్రపోజల్ ఫారం బల్ల మీద పెట్టారు. ఒక్కొక్క రకాన్నీ నేను తెలుగులో చదువుతూ పోయాను. ఆమె మధ్యలో ఆపి, “ఆయన లేకపోతే నాకు ఇంతే వస్తుందా, సగమే వస్తుందా?” అని అడిగారు. సగం వచ్చే రకమూ ఉంది, పూర్తిగా వచ్చే రకమూ ఉంది, దీనిలో నెలకు ఇంత తగ్గుతుంది అని రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాను. ఆయన ఆమె ముఖం వైపు చూసి, రెండో అంకె కింద గీత గీశారు. ఆ కాగితం వెనుక, తాము ఎంచుకున్నది ఏమిటో తెలుగులో రాసిపెట్టమని ఆమె నన్ను అడిగారు. నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు పైకి చదివి, మడిచి పర్సులో పెట్టుకున్నారు.

సెలవు. నమస్కారం.