బ్యాలెన్స్ రాలేదంటే సంఘం ఏం చేయాలి? ఫోటోగ్రాఫర్లు, ఎడిటర్లు, డిజైనర్ల కోసం ఒక ఎపిసోడ్

చెల్లి: అందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫంక్షన్లు చేసే ఫోటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు, ఆల్బమ్ డిజైనర్లు, ఫ్లెక్సీ డిజైనర్లు, నాటకాలకి హార్మోనియం వాయించేవాళ్లు, వీళ్లెవరికీ నెల జీతం లేదు. ముహూర్తాలుంటే నిద్ర ఉండదు, మూఢం వస్తే పని ఉండదు. ఇట్టాంటి వాళ్లు సంఘం కట్టుకుంటే, కట్టిన సభ్యత్వానికి ఏం రావాలి? ఇవాళ అదే మాట్లాడదాం. ఎక్కడ మొదలుపెడదాం అన్నా?

అన్న: బాకీ దగ్గర. చాలా సంఘాల్లో కార్డు ఇస్తారు, గోడ క్యాలెండర్ వేస్తారు, ఏడాదికోసారి శాలువా కప్పుతారు. రెండో ఏడు సభ్యత్వం కట్టమంటే ఎవరూ రారు. రావాల్సిన 40 వేలు ఇప్పించిన సంఘానికైతే అడక్కుండానే కడతారు.

చెల్లి: ఆ 40 వేలు ఎక్కడ ఆగుతాయో వివరంగా చెప్పండి.

అన్న: పెళ్లి లక్షా ఇరవై వేలకి మాట్లాడుకున్నారు అనుకో. అడ్వాన్స్ 30, పెళ్లిరోజు 50, మిగిలిన 40 ఆల్బమ్ ఇచ్చినప్పుడు. ఆల్బమ్ వేయాలంటే వాళ్లు సెలెక్షన్ ఇవ్వాలి. నాలుగు వేల ఫోటోల్లో మూడొందలు ఏరాలి. పెళ్లికూతురు బెంగుళూరు పోయింది, పెళ్లికొడుకు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, పెద్దాళ్లకి పెన్‌డ్రైవ్ తెరవడం రాదు. ఆరు నెలలైనా సెలెక్షన్ రాదు, అది రానిదే డిజైన్ లేదు, డిజైన్ లేనిదే బ్యాలెన్స్ లేదు. ఈలోపు కాండిడ్ తీసినతను, డ్రోన్ అబ్బాయి, ఎడిటర్ ముగ్గురూ స్టూడియో చుట్టూ తిరుగుతుంటారు. స్టూడియో అతనేమో పార్టీ, అంటే పెళ్లివాళ్లు, ఇంకా డబ్బు ఇవ్వలేదు కదా అంటాడు.

చెల్లి: అంటే బ్యాలెన్స్‌ని ఆల్బమ్‌కి ముడిపెట్టడంలోనే తప్పుంది.

అన్న: అదే. తేదీకి ముడిపెట్టాలి. ఆర్డర్ ఫారంలో ఇట్టా రాయాలి: "బ్యాలెన్స్ డిజైన్ చూపించిన రోజు గానీ, పెళ్లయిన 45వ రోజు గానీ, ఏది ముందైతే ఆ రోజు చెల్లించాలి." దాని కింద ఇంకో వాక్యం: "30 రోజుల్లో సెలెక్షన్ రాకపోతే ఫోటోగ్రాఫరే ఫోటోలు ఎంపిక చేస్తాడు, ఆ తర్వాత మార్పులు ఒక్కసారే." ఈ రెండు వాక్యాలుంటే సగం గొడవలు పుట్టవు. ఆల్బమ్ సైజు, షీట్లు ఎన్ని, ఎన్ని గంటల కవరేజీ, గంటలు దాటితే ఎంత, ముహూర్తం మారితే అడ్వాన్స్ ఏమవుతుంది, ఇవి కూడా ఉండాలి. ఫుల్ డేటా హార్డ్ డిస్క్ ఎప్పుడిస్తారో తప్పకుండా రాయాలి. బ్యాలెన్స్ రాకముందే డిస్క్ చేతిలో పెట్టేస్తే ఇక ఆల్బమ్ కోసం ఎవరూ తొందరపడరు.

చెల్లి: ఫారం ఒక్కరే ఇస్తే పార్టీ పక్క స్టూడియోకి పోతుంది. ట్రంక్ రోడ్డులో పది స్టూడియోలుంటాయి.

అన్న: సంఘం అవసరం సరిగ్గా అక్కడే. ఒక్కడు సంతకం అడిగితే మనిషి మొండి అంటారు. ఊళ్లో అందరి దగ్గరా అదే ప్యాడ్, అదే ఫారం ఉంటే పద్ధతి ఇంతే అనుకుని సంతకం పెడతారు. సంఘం ఒకేసారి ప్యాడ్లు కొట్టించి, కార్బన్ కాపీతో సభ్యులకి ఇవ్వాలి. తెలుగులో ఉండాలి, అక్షరాలు పెద్దగా ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క సన్మానం ఖర్చుకంటే తక్కువ.

చెల్లి: నాది ఒక మాట అన్నా. స్టూడియోకి, ఫ్రీలాన్సర్‌కి మధ్య కూడా ఒక చీటీ ఉండాలి. ఎడిటర్ల కష్టం పార్టీతో కాదు, స్టూడియోతో. "ఇంకొంచెం మార్చు" అని ఏడుసార్లు పంపుతారు. ఎన్ని కరెక్షన్లు ఉచితం, ఎన్నోదానినుంచి డబ్బులు, పార్టీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఎన్ని రోజుల్లో పేమెంటు, ఇవి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా పంపి అవతలివాళ్లతో "ఓకే" అనిపించుకున్నా చాలు.

అన్న: చాలు. కానీ ఆ చాట్ చెరిపేయకూడదు, ఫోన్ మార్చినా పాతది దాచాలి. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి. స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటే పట్టుకుపోతే అవతలి లాయరు మొదట దాన్నే పట్టుకుంటాడు.

చెల్లి: సరే, ఫారం ఉంది, 45 రోజులు దాటాయి, డబ్బు రాలేదు. అప్పుడు?

అన్న: సభ్యుడు మొదట తనే మర్యాదగా రాతలో అడగాలి. పదిహేను రోజులు చూసి సంఘం లెటర్‌హెడ్ మీద కార్యదర్శి ఉత్తరం పంపాలి, స్పీడ్ పోస్టులో. చాలా బాకీలు ఈ ఉత్తరంతోనే కదులుతాయి. నలుగురికి తెలిసిందన్న బిడియం ఉంటుంది కదా. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కోర్టుల దగ్గరే ఉంటుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుని అవార్డు అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. అయితే అవతలివాళ్లు రాకపోతే, వచ్చి ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు దావాయే. సలహాకి 15100 నంబరుంది.

చెల్లి: గడువు?

అన్న: మామూలుగా డబ్బు ఇవ్వాల్సిన తేదీనుంచి మూడేళ్లు. ఆ లోపల బాకీ ఉందని సంతకంతో రాసిస్తే, ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. నోటిమాటగా "ఇస్తాంలే" అంటే లెక్కలోకి రాదు. చెక్కు ఇచ్చి అది వెనక్కి వస్తే గడువులు వేరు: బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక వాళ్లకి 15 రోజులు, ఆ 15 దాటాక నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఒక తేదీ జారినా కష్టం. సంఘం ఆఫీసులో ఎవరో ఒకరు ఈ తేదీలు పుస్తకంలో రాసి గుర్తుచేస్తుండాలి. నా లెక్కలో సభ్యత్వానికి అసలు విలువ అది.

చెల్లి: కాలేజీలు, బిల్డర్లు, ఈవెంట్ కంపెనీలు బాకీ ఆపితే ఉద్యం, అంటే కేంద్రం దగ్గర చిన్న వ్యాపారంగా నమోదు, ఉంది కదా. అది నేను చెప్తాను. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, పాన్ ఉంటే పోర్టల్‌లో మనమే చేసుకోవచ్చు. అందులో పని రకానికి ఒక కోడ్ అడుగుతారు, ఫోటో, వీడియో పనికి 7420తో మొదలయ్యేది ఎంచుకోవాలి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, రాతలో ఎన్ని రోజులని ఒప్పుకున్నా 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. పైగా ఆ కంపెనీ గడువులో కట్టకపోతే, కట్టిన సంవత్సరం దాకా ఆ ఖర్చుని ఇన్‌కం టాక్స్‌లో చూపుకోలేదు. వాళ్ల ఆడిటరే మన బిల్లు గుర్తుచేస్తాడు.

అన్న: ఒక్క తప్పు అందరూ చేస్తారు, బాకీ పడ్డాక ఉద్యం తీసుకుంటారు. పని ఒప్పుకునేనాటికే ఉండాలి.

చెల్లి: రేట్ల సంగతి. ప్రతి సంఘంలో మొదటి తీర్మానం అదే: "ఇంతకు తక్కువ చేస్తే జరిమానా."

అన్న: ఆ తీర్మానం రాయొద్దు. గట్టిగా చెప్తున్నా. స్వతంత్రంగా వ్యాపారం చేసేవాళ్లు కలిసి ధర కట్టడం 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందికి వస్తుంది. మందుల షాపుల సంఘాల మీద, సినిమా సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ చర్యలు తీసుకుంది. బయటి ఊరి ఫోటోగ్రాఫర్‌ని కళ్యాణమండపం గేటు దగ్గర ఆపడం అంతకంటే తప్పు. దాని బదులు ఖర్చు లెక్క నేర్పండి. ఒక పెళ్లికి కెమెరా అరుగుదల ఎంత, కార్డులు, డిస్కులు ఎంత, ఇద్దరు మనుషులు, పెట్రోలు, షీటుకి ల్యాబ్ రేటు, ఎడిటింగ్ రోజులు. ఈ కాగితం నింపాక 35 వేలకి ఎవరూ ఒప్పుకోరు. ఎవరి రేటు వాళ్లే పెట్టుకుంటారు, కాకపోతే కళ్లు తెరిచి పెట్టుకుంటారు.

చెల్లి: ఫోటో ఎవరిది అన్నది కూడా చెప్పండి, ఇన్‌స్టా గొడవలన్నీ దానిమీదే.

అన్న: కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అందుకే ఫారంలో "మా పేజీలో 20 ఫోటోలు పెట్టుకోవడానికి అనుమతి: అవును / కాదు" అని గడి ఉండాలి. స్టూడియో కోసం తీసినా అంతే, స్టూడియోని అడిగి రాయించుకో. లోగో డిజైనర్ సంగతి వేరు. ఆ సెక్షన్ చెప్పే ఫోటోల్లాంటి పనుల జాబితాలో లోగో లేదు. ఉద్యోగిగా కాకుండా విడిగా గీసిస్తే మొదటి హక్కు డిజైనర్‌దే, బదిలీ చేయాలంటే సంతకంతో రాత ఉండాలి. ఆ రాతలో కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. ఇది తెలిస్తే ఫ్లెక్సీ రేటుకి లోగో అమ్ముకోరు.

చెల్లి: నాటకం వాళ్లకి కూడా. రాత్రంతా పద్యాలు పాడతారు, పొద్దునకి యూట్యూబ్‌లో ఉంటుంది. ప్రదర్శనని రికార్డు చేసి పెట్టడానికి కళాకారుడి అనుమతి కావాలి, ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. కాంట్రాక్టరు మాట్లాడేటప్పుడే లైవ్‌కి విడిగా ఎంతో అడగాలి.

అన్న: ఇక ప్రమాదాలు. రిసెప్షన్ అయ్యేసరికి ఒంటిగంట, వెనకాల బ్యాగు తగిలించుకుని హైవే మీద బండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. జీవన్ జ్యోతి 436 రూపాయలు, 50 ఏళ్లలోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప వేరే మరణానికి రాదు. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా. మే చివర ఖాతాలో ఆ 456 లేకపోతే ఆటో డెబిట్ ఫెయిలవుతుంది, ఇంట్లోవాళ్లకి క్లెయిమ్ పెట్టినప్పుడు గానీ తెలియదు. సంఘం మే 20న అందరికీ మెసేజ్ పెట్టాలి, జూన్ మొదటివారం పాస్‌బుక్ ఎంట్రీ ఫోటో అడగాలి.

చెల్లి: కెమెరాకి?

అన్న: బీమా చేసేటప్పుడు విలువ తగ్గించి రాస్తారు, ప్రీమియం కలిసొస్తుందని. 3 లక్షల సామాను లక్షన్నరకి రాశావనుకో. 60 వేల లెన్స్ పోతే సగమే, 30 వేలు ఇస్తారు, అందులోంచి అరుగుదల కూడా కోస్తారు. కారులో వదిలేసిన బ్యాగుకి చాలా పాలసీలు ఇవ్వవు, ఆ షరతు చదివే సంతకం పెట్టాలి. సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీకి బిల్లుండదు, కొన్నప్పుడే అమ్మినవాడితో సీరియల్ నంబరుతో రసీదు రాయించుకో. 250 గ్రాములు దాటిన డ్రోన్ డబ్బులకి ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా రెండూ ఉండాలి. బ్రిటన్‌లో మ్యుజీషియన్స్ యూనియన్ ప్రతి సభ్యుడికీ కోటి పౌండ్ల పబ్లిక్ లయబిలిటీ ఇస్తుంది. లైటు స్టాండు అతిథి మీద పడితే కట్టేది అదే. మన మండపాల్లో వైర్లు చూస్తే అది ఎంత అవసరమో తెలుస్తుంది.

చెల్లి: నిధికి వద్దాం. నెలకి 200 అంటే ఖాళీ నెలల్లో ఎవరూ కట్టరు. 2026నే తీసుకోండి, మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత జూలై మధ్యనుంచి ఆషాఢం.

అన్న: నేనైతే నెలనెలా అనే అలవాటే మంచిదంటాను.

చెల్లి: ఒప్పుకోను అన్నా. చేతిలో డబ్బున్నప్పుడే తీసుకోవాలి. మాఘ, ఫాల్గుణాల్లో 1,200, శ్రావణంలో 1,200. అరవై మంది ఉంటే ఏడాదికి 1,44,000. ఇందులో చనిపోయిన సభ్యుడి ఇంటికి అదేరోజు 10 వేలు, సామాను రిపేరుకి వడ్డీలేని 15 వేలు, ఐదు వాయిదాల్లో తిరిగి కట్టేట్టు. బాకీ ఆపినవాళ్లకి పంపే సంఘం ఉత్తరాలకి, లాయరు నోటీసులకి 20 వేలు పక్కన పెట్టుకోవాలి.

అన్న: సరే, సీజన్ లెక్కే బాగుంది. కానీ దాన్ని చీటీగా మార్చొద్దు. "డబ్బు ఊరికే ఉంది, పాట పాడదాం" అని ఎవరో ఒకరంటారు. 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద అనుమతి లేకుండా చీటీ నడపకూడదు. డబ్బు కోశాధికారి సొంత ఖాతాలో ఉండటం ఇంకో జబ్బు. మనిషి మంచివాడే కావచ్చు, ఆయనకేదన్నా అయితే ఆ డబ్బు వారసుల చేతికి పోతుంది.

చెల్లి: అయితే రిజిస్ట్రేషన్ తప్పదు.

అన్న: తప్పదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురుంటే చాలు. మెమోరాండం, బైలాలు, ఆఫీసు చిరునామా రుజువు, ఏడుగురి ఆధార్ పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి. సాయం ఎవరికి, ఎంత, ఎవరి సంతకంతో అన్నది బైలాలోనే రాయండి, తర్వాత తీర్మానాలతో అతికిస్తే తగాదాలొస్తాయి. సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరు మీద పాన్, ఆ తర్వాత ఖాతా. అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు బయటికి. ఏడాది సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఇది మర్చిపోయిన సంఘాల్లో తర్వాత రెండు కమిటీలు తయారై, బ్యాంకు ఖాతా ఆపేస్తుంది.

చెల్లి: ఒంగోలునుంచి ఒక ప్రశ్న వచ్చింది: స్టూడియో ఓనర్లు, వాళ్ల దగ్గర పనిచేసే ఫ్రీలాన్సర్లు ఒకే సంఘంలో ఉండొచ్చా?

అన్న: ఉండొచ్చు. కానీ బాకీల కమిటీలో సగం మంది ఫ్రీలాన్సర్లుండాలని బైలాలో రాసుకోవాలి, ఫిర్యాదు ఏ స్టూడియో మీదైతే ఆ ఓనరు ఆరోజు కమిటీలో కూర్చోకూడదు. ఆ రెండు నిబంధనలకి ఓనర్లు ఒప్పుకోకపోతే, ఏడుగురు ఎడిటర్లు దొరకరా ఒంగోలులో? వాళ్లే విడిగా రిజిస్టర్ చేసుకోవచ్చు.