భూకంపానికి ముందు రాళ్లు సిగ్నల్ ఇస్తాయా?

[స్క్రీన్‌పై: ములుగు జిల్లా మ్యాప్, మేడారం వైపు ఎర్ర చుక్క]

2024 డిసెంబర్ 4, పొద్దున 7:27. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తర్వాత, గోదావరి వెంట ఇంత పెద్దది ఇదే. హనుమకొండలో జనం అపార్ట్‌మెంట్ల నుంచి గబగబా కిందికి దిగారు. ఇక ఫోన్ల నిండా ఒకటే మాట: రాళ్లు పగిలేటప్పుడు కరెంటు సిగ్నల్స్ వస్తాయట కదా, ముందే పట్టుకోవచ్చు కదా?

సిగ్నల్స్ వచ్చే మాట నిజమే.

[క్లోజప్: గ్రానైట్ ముక్క]

ఈ గ్రానైట్‌లో గాజు పెంకులా మెరిసేది పలుగురాయి. దాన్ని గట్టిగా నొక్కితే రెండు వైపులా వ్యతిరేక ఛార్జ్ చేరుతుంది. గ్యాస్ లైటర్ టక్కుమనగానే రవ్వ వచ్చేదీ ఇలాగే. ల్యాబ్‌లో ప్రెస్ కింద గ్రానైట్‌ను పిండితే, బీట విచ్చే క్షణంలో పక్కనున్న యాంటెనాకు రేడియో తరంగాలు తగులుతాయి. విచిత్రం ఏంటంటే, పలుగు లేని పాలరాయి పగిలినా వస్తాయి! కొత్తగా విచ్చిన బీట అంచుల్లో ఛార్జ్ విడిపోవడమే అందుకు కారణమంటారు.

మరి చిక్కెక్కడ? లోతులో. ములుగు భూకంపం పుట్టింది దాదాపు 40 కిలోమీటర్ల కింద. రాళ్ల సందుల్లో ఉప్పునీటి తడి ఉంటుంది, రేడియో తరంగాలు దారిలోనే ఇంకిపోతాయి. పైదాకా రాగలిగేవి సెకనుకు ఒక్కసారి కూడా ఊగని మందకొడి తరంగాలే. తీరా పైకొచ్చాక కాజీపేట రైళ్లు, హైటెన్షన్ లైన్లు, సూర్యుడి తుఫాన్లు కలిసి చేసే గోలలో వాటిని వెతకాలి.

[స్క్రీన్‌పై: కాలిఫోర్నియా, 1989 అక్టోబర్ 17]

లోమా ప్రియెటా భూకంపానికి సుమారు 3 గంటల ముందు, కేంద్రానికి 7 కిలోమీటర్ల దూరంలో, ఇలాంటి మందకొడి తరంగాలను కొలిచే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరికరంలో రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకింది. ప్రపంచమంతా ఆశపడింది. 2009లో ఆ రికార్డును మళ్లీ పరిశీలించిన శాస్త్రవేత్తలు, తేడా పరికరంలోనే ఉండొచ్చన్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు కానీ, ఒక్క రికార్డును నమ్మి ఊళ్లు ఖాళీ చేయించలేం. "తరంగాలు దొరికాయి, రేపు రాత్రి భూకంపం" అని వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేయకండి.

[స్క్రీన్‌పై: బొగ్గు గని సొరంగం]

ఇదే సంగతి గనుల్లో మాత్రం పనికొస్తోంది. భూపాలపల్లిలో అండర్‌గ్రౌండ్‌కు దిగేవాళ్లకు బొగ్గు మీద ఒత్తిడి పెరిగితే గోడ ఒక్కసారిగా పగిలి మీద పడొచ్చని చెప్పక్కర్లేదు. చైనా గనుల్లో బొగ్గు గోడకు ఎదురుగా యాంటెనా పెట్టి, తరంగాలు పెరుగుతున్నాయేమో చూస్తారు. అక్కడ పగిలే చోటుకూ పరికరానికీ మధ్య దూరం కొన్ని మీటర్లే.