చిన్నాయన బజ్జీ తినలేదు | కర్నూలు వ్లాగ్

హాయ్ అండీ! డల్లాస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. కొండారెడ్డి బురుజు చూపిస్తానన్నా కదా, అది తర్వాత.

మొన్న పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మా చిన్నాయన బజ్జీ ముట్టుకోలేదు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సంగటి తినే మనిషి, ఉగ్గానిలో పెరుగు కలుపుకుంటున్నాడు! "కారం తగిల్తే నోరు మండుతాంది పాపా" అన్నాడు. వయసేమోలే అని ఇంట్లో వదిలేశారట. చొక్కా జేబులో మాత్రం వక్కపొడి ప్యాకెట్.

30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ఇక్కడ ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం కూడా రాసుకుందట. గుట్కా, పొగాకు అలవాటుందా అంటే లేదన్నాడు చిన్నాయన. అబద్ధం కాదు, ఆయన లెక్కలో వక్క వక్కే! కానీ పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ తెస్తుంది.

పళ్ల డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లా. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టమన్నారు. చిన్నాయనకి రెండే పట్టాయి. టార్చి వేసి నాకూ చూపించారు: బుగ్గ లోపల పాలిపోయి, నారలు కట్టినట్టు గట్టిగా ఉంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంట. క్యాన్సర్ కాదు, కానీ అటు తిరగొచ్చు. వక్క మానేసినా గట్టిపడింది పూర్తిగా మెత్తబడదు, అందుకే చూపించుకుంటూ ఉండాలి. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్ట్ రావాలి. టెన్షన్‌గానే ఉంది.

ఆ ఊపులో చిన్నమ్మనీ స్క్రీనింగ్‌కి తీసుకెళ్లా. "నాకేం నొప్పి లేదు గదా?" అంటుంది. నొప్పి లేనప్పుడే కదా చిన్నమ్మా స్క్రీనింగ్! నాకైతే డల్లాస్‌లో 40 నిండాక మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, వాళ్లే మెసేజ్ పెడతారు, వెళ్లడమే నా పని. ఇక్కడ ఆమె వెంట పడేవాళ్లెవరు? గర్భాశయ ముఖద్వారం మీద పల్చటి వెనిగర్‌లాంటి ద్రావణం రాసి, నిమిషం ఆగి చూశారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుందట. ఏమీ లేదన్నారు. "గోబీ మంచూరియాలో పోసేదేనా?" అని బయటికొచ్చాక ఒకటే నవ్వు.

తిరిగొస్తుంటే చిన్నాయన అలవాటుగా కొట్టు దగ్గర ఆటో ఆపించాడు. చిన్నమ్మ ఒక్క చూపు చూసింది.

"సోంపు ఉందా?" అన్నాడు కొట్టతనితో.