చటాన్‌పల్లిలో చల్లిన పూలు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్ళకి వినపడుతోందా? సరే. లా కాలేజీ పిల్లలు పిలిచారు కాబట్టి సెక్షన్ల గురించి చెప్తానని అనుకుంటున్నారేమో, అవీ చెప్తాను గానీ ముందు ఒక పొద్దున గురించి చెప్పాలి.

2019 డిసెంబర్ 6, శుక్రవారం. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూశాను, అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో అంతా అదే, దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు ఎన్‌కౌంటర్ చేసేశారంట అని. మా అమ్మాయి అప్పుడు హైదరాబాద్ హాస్టల్‌లో ఉండేది, ఆ ముందు వారం రోజులు రాత్రి ఎనిమిది దాటితే చాలు నేను దానికి నాలుగైదు సార్లు ఫోన్ చేస్తూ ఉన్నాను. నిజం చెప్తున్నాను, ఆ వార్త చదవగానే నా గుండె మీంచి బరువు దిగినట్టు అనిపించింది. ఇరవై ఏళ్ళు కోర్టులో నల్లకోటు వేసుకున్న మనిషిని నేను. మా అమ్మ పక్కగదిలోంచి "మంచి పని చేశారు" అంది, నేను కాదనలేదు. పాలు పొంగిపోయాక గానీ స్పృహలోకి రాలేదు. అందుకని ఇవాళ నేను మాట్లాడేది ఆ రోజు చప్పట్లు కొట్టినోళ్ళని తప్పుపట్టడానికి కాదు, వాళ్ళలో నేనూ ఉన్నాను.

జరిగింది మీ అందరికీ తెలుసు, అయినా వరసగా పెట్టి చూద్దాం. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర తర్వాత మనమంతా దిశ అని పిలుచుకున్న వెటర్నరీ డాక్టర్ స్కూటీ పంక్చర్ అయింది, సాయం చేస్తామని చెప్పి ఆ అమ్మాయిని ఏం చేశారో, తర్వాత చటాన్‌పల్లి దగ్గర బ్రిడ్జి కింద ఎట్లా తగలబెట్టారో మళ్ళీ చెప్పబుద్ధి కావట్లేదు. అదే రాత్రి ఇంటోళ్ళు కంప్లైంట్ ఇద్దామని స్టేషన్‌కి పోతే ఇది మా పరిధి కాదు ఆ స్టేషన్‌కి వెళ్ళండి అన్నారని వాళ్ళు ఏడుస్తూ టీవీల్లో చెప్పారు, ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ కూడా చేశారు. నవంబర్ 30న షాద్‌నగర్ స్టేషన్ ముందు వేలమంది జనం, నిందితుల్ని మాకు అప్పజెప్పండి అని. ఆ రోజు పోలీసుల మీద చెప్పులు విసిరారు, రాళ్ళు విసిరారు, లాఠీచార్జి అయింది.

సరిగ్గా ఆరు రోజులకి, పోలీసులు ఆ నలుగురినీ కాల్చేశాక, అదే షాద్‌నగర్ చుట్టుపక్కల, అదే జనం, అదే ఖాకీ బట్టల మీద పూలు చల్లారు. బ్రిడ్జి మీద నుంచి గులాబీ రేకులు చల్లుతున్న వీడియో మీరు చూసే ఉంటారు. టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచారు, ఆడవాళ్ళు వెళ్ళి పోలీసులకి రాఖీలు కట్టారు. శ్రావణ పౌర్ణమి కాదు ఏమీ కాదు, డిసెంబర్‌లో రాఖీలు!

చెప్పులకీ పూలకీ మధ్య ఆరు రోజులే. ఈ ఆరు రోజుల్లో పోలీసు శాఖ ఏం మారిందని? స్టేషన్లు మారాయా? రాత్రిపూట ఆడపిల్ల కనపడట్లేదు అని పోతే వెంటనే రాసుకునే పద్ధతి వచ్చిందా? ఏమీ రాలేదు. తుపాకీ పేలింది, అంతే. నేను చాలా రోజులు ఆలోచించి అర్థం చేసుకున్నది ఇదే, మన జనం పూలు చల్లింది పోలీసు మీద నమ్మకంతో కాదు. మనవాళ్ళకి పోలీస్ స్టేషన్ అంటే ఇప్పటికీ భయమే, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ ఇంటికొస్తేనే పక్కింటోళ్ళు ఏమనుకుంటారో అని తలుపు దగ్గరికి వేసుకుంటాం. ఆ పూలు కోర్టు మీద నమ్మకం పోయి చల్లిన పూలు. అది పోవడానికి కారణం లేకపోలేదు కూడా. ఢిల్లీ నిర్భయ ఘటన 2012 డిసెంబర్‌లో జరిగితే చటాన్‌పల్లి నాటికి ఏడేళ్ళు, ఇంకా ఉరి పడలేదు, పడింది 2020 మార్చి 20న. అది దేశమంతా కళ్ళు పెట్టుకుని చూసిన కేసు, ఇక మన కేసుల సంగతి ఎవరికి పట్టింది. ఇంకోటి, ఇక్కడ పూలు చల్లిన ఆ డిసెంబర్ 6 రాత్రే ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ అమ్మాయి ఢిల్లీ ఆస్పత్రిలో చనిపోయింది, తన మీద జరిగిన అత్యాచారం కేసులో కోర్టుకి బయల్దేరితే నిందితులే దారి కాచి నిప్పంటించారు. ఇవన్నీ చూసిన తల్లి "కోర్టులో తేల్చుకుందాం" అనే మాట ఎట్లా నమ్ముతుంది?

కాబట్టి కోపం నిజమైనది. దాన్ని ఎవరు ఎట్లా వాడుకున్నారన్నదే నా బాధ. ఎన్‌కౌంటర్ అయిన మర్నాటి నుంచి ఆ మొదటి రాత్రి స్టేషన్లో ఏం జరిగిందని అడిగినోళ్ళు ఎంతమంది? దాదాపు లేరు. పరిధి కాదన్న మాట, ఆ ముగ్గురి సస్పెన్షన్, పెట్రోలింగ్ ఎక్కడుందన్న ప్రశ్న, అన్నీ ఆ గులాబీ రేకుల కింద పూడిపోయాయి. డిసెంబర్ 9న పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారే అప్పటి మన ముఖ్యమంత్రి కేసీఆర్ గారికీ పోలీసులకీ హ్యాట్సాఫ్ చెప్పారు. ఇది కొత్తేమీ కాదు, 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో రోజుల వ్యవధిలోనే ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్ అయ్యారు, అప్పుడూ ఇట్లాగే సంబరాలు. అప్పుడు అక్కడ ఎస్పీ, 2019లో ఇక్కడ సైబరాబాద్ కమిషనర్, ఒకే అధికారి, సజ్జనార్ గారు. మరి 2008లో భయం పుట్టి ఉంటే 2019 ఎందుకొచ్చిందో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు చట్టం. పోలీసుకి కాల్చే హక్కు లేదని నేను అనట్లేదు, ప్రాణం మీదకొస్తే మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే వాళ్ళకీ ఉంది. తేడా ఏంటంటే, ప్రాణం మీదకొచ్చిందో లేదో తేల్చాల్సింది కాల్చినాయన కాదు. 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు రాసిపెట్టింది, ప్రతి ఎన్‌కౌంటర్ చావుకీ ఎఫ్ఐఆర్ కట్టాలి, దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ టీమో చెయ్యాలి, మేజిస్ట్రేట్ ఎంక్వయిరీ జరగాలి, ధైర్యసాహసాలు అనుమానం లేకుండా తేలేవరకు ప్రమోషన్లూ మెడల్స్ ఇవ్వకూడదు. కోర్టు మెడల్ కూడా ఆగాలంది, మనం తెల్లారేసరికి దండలు వేశాం.

చటాన్‌పల్లి మీద సుప్రీంకోర్టు వేసిన కమిషన్‌కి జస్టిస్ సిర్పూర్కర్ గారు చైర్మన్, దాంట్లో సీబీఐ మాజీ డైరెక్టర్ కార్తికేయన్ గారు కూడా ఉన్నారు, అంటే జీవితమంతా పోలీసు ఉద్యోగం చేసినాయనే. 2022 మేలో ఆ రిపోర్ట్ బయటికొచ్చింది. ఆయుధాలు గుంజుకున్నారు, కళ్ళల్లో మట్టి కొట్టారు అని పోలీసులు చెప్పింది నమ్మేలా లేదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలి అని రాశారు. దాంట్లో నన్ను నిద్రపోనివ్వని మాట ఇంకోటుంది, ఆ నలుగురిలో ముగ్గురు నేరం జరిగిన నాటికి మైనర్లు అని. స్కూల్ రికార్డు తెప్పించి చూస్తే తేలే విషయం అది. వాళ్ళే చేశారనుకుందాం, మనందరి నమ్మకమూ అదే అనుకుందాం, కానీ ఏ కోర్టూ సాక్ష్యం వినలేదు కాబట్టి ఆ అమ్మాయి కేసులో కూడా తీర్పు అనేది ఇంక ఎప్పటికీ రాదు.

ఆ నలుగురూ మన పాత పాలమూరు జిల్లా పిల్లలే, నారాయణపేట వైపు ఊళ్ళు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు. శవాలకి మొదటి పోస్ట్‌మార్టం జరిగింది మన ఈ మహబూబ్‌నగర్ ఆస్పత్రిలోనే. ఒకడి భార్య గర్భిణి, ఆ పిల్ల రోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంటే కింద కామెంట్లలో జనం రాసిన మాటలు చదివి ఫోన్ పక్కన పడేశాను.

ఇంకో తారీఖు చెప్తాను, 2015 ఏప్రిల్ 7. ఆ ఒక్క రోజులో శేషాచలం అడవుల్లో ఇరవై మంది తమిళ కూలీల్ని ఎర్రచందనం పేరుతో కాల్చారు, ఇటు ఆలేరు దగ్గర జైలు నుంచి కోర్టుకి తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీల్ని పోలీసు వ్యాన్‌లోనే కాల్చారు, చేతికి బేడీలు ఉండగానే. ఆ ఫోటోలు పేపర్లలో వచ్చాయి. అదే రోజు ఎస్సై సిద్ధయ్య గారు ఆస్పత్రిలో ప్రాణం వదిలారు. అంతకు మూడు రోజుల ముందు జానకీపురం దగ్గర, సూర్యాపేట బస్టాండ్‌లో పోలీసుల్ని చంపి పారిపోయినవాళ్ళని ఎదుర్కొని తూటాలు తిన్నాయన. అది అసలైన ఎదురుకాల్పులు, దాంట్లో ఒక కానిస్టేబుల్ కూడా పోయాడు. బేడీలున్న మనిషిని కాల్చినదానికి కూడా మనం "ఎన్‌కౌంటర్" అనే అంటున్నాం, సిద్ధయ్య గారు చేసినదానికీ అదే పేరు. ఇది ఆయనకి ఎంత అవమానమో పోలీసు సంఘాలైనా ఒకసారి ఆలోచించాలి.

పోలీసుల్లో కూడా అందరూ ఒకేలా ఆలోచించరు. 2019లో కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు దేశమంతా పోలీసుల్నే అడిగి ఒక రిపోర్ట్ తెచ్చారు, ప్రమాదకరమైన నేరస్తుల్ని కేసు నడిపేకన్నా చంపెయ్యడమే మేలు అన్నవాళ్ళు ఐదుగురిలో ఒకరు. మిగతా వాళ్ళ మీద మన సంబరాలు ఎంత బరువు పెడుతున్నాయో చూడండి. ఇప్పుడు ఏ ఘోరం జరిగినా తెల్లారేసరికి "ఎన్‌కౌంటర్ ఎప్పుడు" అని అడుగుతున్నాం, సాక్ష్యం జాగ్రత్తగా పోగుచేసి, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్ట్ వెంటపడి, ఛార్జిషీటు గట్టిగా రాసే ఎస్సైకి ఎవరైనా ఒక పువ్వు ఇచ్చారా?

మా కోర్టు వరండాలో ఒక తల్లి ఉంటుంది, పోక్సో కేసు, అంటే చిన్నపిల్ల మీద లైంగిక దాడి కేసు. ప్రతి వాయిదాకీ పొద్దున బస్సెక్కి వస్తుంది, గుడ్డసంచిలో టిఫిన్ డబ్బా, బిడ్డ ఆధార్ జిరాక్స్ నాలుగు మడతలు పెట్టి కొంగుకి ముడేసుకుని. ఆ ఎన్‌కౌంటర్ అయిన వారంలో నన్ను పట్టుకుని "మేడమ్, మా దాంట్లో గూడ గట్ల చేస్తే అయిపోవు గద" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆమే కాసేపు మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేసి, నా మొహం చూడకుండా అంది, "మా దాంట్ల ఉన్నోడు పటేల్ కొడుకు, వాన్నెవరు గాలుస్తరు మేడమ్" అని.

ఆ రోజు ఆమె కేసులో సాక్ష్యం చెప్పాల్సిన దర్యాప్తు అధికారి రాలేదు, బందోబస్తు డ్యూటీలో ఉన్నారని మెమో పంపించారు. సంక్రాంతి దాటాక వాయిదా వేశారు.