ఆక్సిజన్ సెన్సార్ మార్చినా చెక్ ఇంజిన్ లైట్ ఆరడం లేదు: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

యాంకర్: తర్వాతి కాలర్ లైన్‌లో ఉన్నారు. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. నాది పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే షెడ్డుకి తీసుకెళ్లాను. పీ0171 అని కోడ్ వచ్చింది, ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు. కొత్తది వేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది. మళ్లీ అదే లైటు, అదే కోడు.

నిపుణుడు: సెన్సార్ వేసేటప్పుడు కోడ్ చెరిపేసి ఉంటారు. అందుకే ఆ కొన్నాళ్లూ లైటు ఆరింది. పీ0171 అంటే మొదటి బ్యాంకులో, అంటే సిలిండర్ల మొదటి వరుసలో, మిశ్రమం లీన్‌గా ఉందని, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్ చూసి ఆ కబురు చెప్పేదే ఈ సెన్సార్. సెన్సార్ చెడిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదండీ. కబురు తెచ్చినవాడిని మార్చేశారు, కబురు మాత్రం అలాగే ఉంది. మీ దగ్గర స్కానర్ ఉందా?

శ్రోత: ఉందండీ, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసేది. రీడింగులు రాసి పెట్టుకున్నాను.

నిపుణుడు: భేష్. ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుంది? ఇంజిన్ బాగా వేడెక్కాక చూసినదే చెప్పండి.

శ్రోత: స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు లాంగ్ టర్మ్ ప్లస్ 21, షార్ట్ టర్మ్ ప్లస్ 6. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే రెండూ కలిపి 5 కూడా లేవు.

నిపుణుడు: మీ జవాబు అక్కడే ఉంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, తన లెక్క ప్రకారం వెయ్యాల్సిన పెట్రోల్ కన్నా ఎంత శాతం ఎక్కువ పోస్తోందో ఈ ట్రిమ్ అంకె చెబుతుంది. షార్ట్ టర్మ్ అంటే అప్పటికప్పుడు చేసే సవరణ, లాంగ్ టర్మ్ అంటే కొంతకాలంగా నేర్చుకున్నది. రెండూ కలిపి 10 లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మీకు స్లోలో 27 వచ్చింది, ఆర్‌పీఎం పెంచితే తగ్గిపోయింది. ఎక్కడో చిల్లు ఉంది, లెక్కలోకి రాని గాలి లోపలికి వెళ్తోంది. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దది. రేజ్ చేస్తే అసలు గాలి పెరిగి అది లెక్కలో లేకుండా పోతుంది.

యాంకర్: అదే రేజ్ చేసినకొద్దీ అంకె పెరిగితేనో?

నిపుణుడు: అప్పుడు పెట్రోల్ వైపు చూడాలి. పంపు ప్రెషర్, ఫిల్టర్, ఇంజెక్టర్లు. లేదా గాలి కొలిచే ఎమ్ఏఎఫ్ సెన్సార్‌కి మురికి పట్టి తక్కువ చెబుతూ ఉండొచ్చు. ఈయన కేసు అది కాదు.

శ్రోత: మరి చిల్లు ఎక్కడ వెతకాలి సార్?

నిపుణుడు: ముందు పీసీవీ గొట్టం, ఇంజిన్ లోపల చేరే ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంటుంది. వంపు దగ్గర అడుగున వేలు పెట్టి తడమండి. వేడికి రబ్బరు గట్టిపడి అక్కడే చీలుతుంది, వేలికి నూనె జిడ్డు అంటుతుంది. తర్వాత బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్ గొట్టం. స్లోలో ఉండగా బ్రేక్ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ చప్పుడు బాగా మారితే దాన్ని అనుమానించండి. ఆ తర్వాత సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్. దొరక్కపోతే గాలి దారిలోకి పొగ ఎక్కించే స్మోక్ టెస్ట్ చేయించండి, పొగ ఎక్కడ బయటికి వస్తే అక్కడే చిల్లు. వేడి ఇంజిన్ మీద స్ప్రే కొట్టి వెతికేవాళ్లు ఉన్నారు. నిప్పంటుకునే సరుకది, నేను ఒప్పుకోను.

శ్రోత: కొత్త సెన్సార్ బాగానే ఉందని ఎలా తెలుస్తుంది?

నిపుణుడు: పాత రకం జిర్కోనియా సెన్సార్ అయితే స్కానర్‌లో గ్రాఫ్ పెట్టి చూడండి. వేడెక్కాక అది దాదాపు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. 0.45కి పైన రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ, కింద లీన్. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదలండి. తొక్కగానే 0.8 దాటాలి, వదలగానే పెట్రోల్ ఆగిపోతుంది కాబట్టి 0.2 కిందికి పడాలి. చురుగ్గా లేచి చురుగ్గా పడితే సెన్సార్ మీద అనుమానం వద్దు. ఎంత తొక్కినా కిందే పడి ఉంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా మొదట, సెన్సార్ కన్నా ఇంజిన్‌కి దగ్గరగా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకేజీ ఉందేమో చూడండి. అక్కడ బయటి గాలి లోపలికి దూరితే ఇంజిన్ బాగున్నా సెన్సార్ లీన్ అనే అంటుంది. మిస్‌ఫైర్, అంటే ఏదైనా సిలిండర్ సరిగ్గా మండకపోయినా అంతే. మండని ఆక్సిజన్ అంతా సెన్సార్ దగ్గరికే వస్తుంది కదా.

యాంకర్: ఇంకొకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

రెండో శ్రోత: నమస్కారమండీ. మా కారుకి మల్టీమీటర్ పెట్టి చూశాం. 0.45 దగ్గరే కదలకుండా ఉంది. అంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టేనా?

నిపుణుడు: కాదమ్మా. పనిచేసే సెన్సార్ అలా నిలబడదు. చాలా కార్లలో ఈసీయూ తనే ఆ వైరు మీద 0.45 వోల్టులు పెడుతుంది. సెన్సార్ సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప మాట్లాడదు. అందుకే హీటర్ చూడండి. కనెక్టర్ విప్పి, సెన్సార్ వైపున్న హీటర్ వైర్లు రెండింటి మధ్య ఓమ్స్ కొలవండి. చాలా సెన్సార్లలో ఆ రెండూ ఒకే రంగులో ఉంటాయి. కొద్ది ఓమ్స్ రావాలి, ఓపెన్, అంటే తీగ తెగినట్టు చూపిస్తే హీటర్ కాలిపోయినట్టే. సిగ్నల్ వైరు మీద మాత్రం ఓమ్స్ పెట్టకండి, సెన్సార్ పాడవుతుంది. హీటర్ బాగుంటే ఫ్యూజు, దానికి వచ్చే కరెంటు చూడాలి. అన్నట్టు, వైర్లు ఎన్ని ఉన్నాయి?

రెండో శ్రోత: ఐదు అనుకుంటానండీ.

నిపుణుడు: ఐదుంటే అది వైడ్‌బ్యాండ్, అంటే రిచ్, లీన్ అనడమే కాక ఎంతో కూడా కొలిచే రకం అయి ఉండొచ్చు. అలా అయితే నేనిప్పటిదాకా చెప్పిన వోల్టులేవీ దానికి వర్తించవు. మీటర్ పక్కన పెట్టేసి, స్కానర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పే లాంబ్డా విలువ చూడండి. స్లోలో 1.00 చుట్టూ తిరుగుతూ ఉండాలి. నాలుగు వైర్ల వైడ్‌బ్యాండ్లూ ఉన్నాయి, కాబట్టి కారు మాన్యువల్‌లో ఏ రకమో చూశాకే కొలవడం మొదలుపెట్టండి.

యాంకర్: మొదటి కాలర్ ఇంకా లైన్‌లోనే ఉన్నారు. ఏమండీ, ఇంకేమైనా అడగాలా?

శ్రోత: ఒక్కటే సార్. పీసీవీ గొట్టం మార్చాక కోడ్ చెరిపేయాలా?

నిపుణుడు: చెరపండి. కానీ లైటు చూసి సంబరపడొద్దు, ట్రిమ్ చూడండి. ఇంజిన్ వేడెక్కాక స్లోలో కూడా 10 లోపుకి వస్తే సరే. రాకపోతే మళ్లీ ఫోన్ చేయండి, ఈసారి ఎమ్ఏఎఫ్ రీడింగ్ కూడా రాసుకుని పెట్టుకోండి.